ఏడో బల్బు

ఆరు బల్బులు మాడేదాకా సుబ్బయ్య నన్ను అనుమానంగా చూశాడు. ఏడోది మాడగానే దొంగ అన్నాడు.

ఆ మాట లోపలికి పిలిచి, తలుపేసి అన్నా సరిపోయేది. ఆళ్ళగడ్డలో ఆయన పత్తి మిల్లు గేటు ముందర, తూకానికి వచ్చిన ఎద్దులబండ్లు వరుసకట్టి ఉండగా, పొద్దున పది గంటలకు అన్నాడు. అరిచి అన్నాడు. తూకం షెడ్డులో పత్తి బోరాలు ఎత్తుతున్న వాళ్ళు కూడా పని ఆపి చూశారు. నేను ఆయన అంబాసిడర్ కారు డ్రైవర్ని, పేరు జీవరత్నం. డెబ్బై ఎనిమిది డిసెంబరు నాటికి ఆ కారు తోలబట్టి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో నా చక్రం కింద ఒక కోడిపిల్ల కూడా చావలేదు.

సంగతేమిటంటే, దసరా అయిన వారం నుంచి కారు ముందు లైట్ల బల్బులు నిలవడం మానేశాయి. సుబ్బయ్యకు వారంలో రెండుసార్లు నంద్యాలలో పని ఉంటుంది. పొద్దున పోతే తిరిగొచ్చేసరికి మసక పడుతుంది. టౌనులో లైట్లు బుద్ధిగా వెలిగేవి. సిరివెళ్ల దాటాక రోడ్డు ఖాళీగా ఉందని కాస్త వేగం పెంచానో లేదో, ఒక లైటు తెల్లగా మెరిసి ఆరిపోయేది. తర్వాతి ట్రిప్పులో రెండోది. కొత్తది వేస్తే అదీ అంతే. నేను వైర్లు చూశాను, స్విచ్చి మార్చాను, గుంతల రోడ్డు కుదుపుకు పోతున్నాయేమోనని బల్బు వెనక రబ్బరు ముక్క పెట్టాను. వేరే కంపెనీ బల్బులు తెచ్చాను. అవీ మాడాయి.

సుబ్బయ్య కూడా తన వంతు ఆలోచన చేశాడు. ఆయన లెక్కలో, నేను మిల్లు నుంచి కొత్త బల్బు తీసుకుని నంద్యాలలో ఏ లారీవాడికో అమ్ముకుంటున్నాను, ఎక్కడో ఏరుకొచ్చిన మాడిన బల్బు తెచ్చి ఇదిగో అని చూపిస్తున్నాను. మంచి ఉపాయమే. తొమ్మిదేళ్ళలో నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది.

"ఏడు బల్బులు యాడికి పోతాయిరా? నేను మింగినానా?" అన్నాడు గేటు దగ్గర.

"నేను తీసింది మీరు చూసినారా సామీ?"

"చూసేటట్ల తీస్తారా ఎవురైనా? ఆదివారం అందర్నీ పిలిపిస్తా. మద్దిలేటి సామి పటం ముందర కర్పూరం ఎలిగిస్తా. ఆర్పి, నేను తీయలేదని చెప్పు. అప్పుడు నమ్ముతా."

మా వైపు ఇది పెద్ద పరీక్ష. మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి అబద్ధం చెప్పినవాడు ఏడాది తిరక్కుండా నాశనమవుతాడని అందరి నమ్మకం. పోలీసులకు భయపడని వాళ్ళు కూడా కర్పూరానికి భయపడతారు.

"నేను ఆర్పను," అన్నాను.

"కిరస్తానపోడినని చెప్తాండావా? అయితే మీ గ్రంథమే తెప్పిస్తా. దాని మీద చెయ్యి పెట్టు."

"దాని మీదా పెట్టను. నా నోటితో చెప్తాండా, నేను తీయలేదు. అంతే."

"అయితే తీసినట్లే," అని ఆయన గుంపు వైపు తిరిగి చెప్పాడు.

నాకు మండింది కర్పూరం గురించి కాదు. పొలం గట్టు తగాదా వస్తే ఇద్దరూ ఆర్పుతారు. ఇక్కడ ఆర్పమన్నది నన్ను ఒక్కడినే. నేను దొంగనని ఆయన ఏ కర్పూరమూ ముట్టకుండా అరవొచ్చు, కాదని నేను మాత్రం చెయ్యి కాల్చుకుని చెప్పాలి. నా మాటకు బరువు లేదని నేనే అందరి ముందర ఒప్పుకోవాలి. ఎందుకు ఒప్పుకోవాలి? తొమ్మిదేళ్ళు ఆయన ప్రాణం నా చేతిలో పెట్టి వెనక సీట్లో గురకపెట్టి నిద్రపోయాడు. అప్పుడు ఏ ప్రమాణమూ అడగలేదు కదా.

ఇంట్లో మాత్రం నా రోషం ఎక్కువసేపు నిలవలేదు. నా భార్య దేవమ్మ అదే మిల్లులో పత్తిలో చెత్త ఏరే పనికి పోతుంది. మర్నాడు సాయంత్రం ఇరవై మంది ఆడవాళ్ళు గేటు దాటుతుంటే, కాపలా మనిషి ఆమెను ఒక్కదాన్నే పక్కకు పిలిచి కొంగు దులపమన్నాడట. ఇంటికి వచ్చి బిందె ఠపీమని నేలకు కొట్టింది.

"నువ్వు తీయలేదు గదా. ఆర్పి రాపో. నీ సొమ్మేం పోతాది?"

"మాట పోతాది."

"నీ మాట నిలబెట్టుకుంటాండావ్, బాగుండాది. నా కొంగు దులిపిస్తాండారే! నీ రోషానికి నా కొంగు ఏం పాపం చేసె?"

ఆదివారం లోపల ఆ బల్బులు ఎందుకు పోతున్నాయో కనుక్కుంటానని మాత్రం చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. నాకే నమ్మకం లేదు, ఆమెకెలా ఉంటుంది?

గురువారం సుబ్బయ్యను నంద్యాలలో ఆయన పని దగ్గర దించి, మూడు గంటలు ఖాళీ దొరికితే కారును నేరుగా ఖాజా పీర్ షాపుకు తోలాను. డైనమోలు, బ్యాటరీలు బాగుచేసే షాపు. బయట బోర్డు మీద ఖాజా పీర్ పేరే ఉంటుంది. కానీ ఆయనకు కళ్ళలో పొర వచ్చి నాలుగేళ్ళయింది. కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. గోనెపట్టా తెర వెనక కూర్చుని తీగ చుట్టేది, రోగం కనిపెట్టేది అంతా ఆయన భార్య చాంద్‌బీ. ఆ సంగతి నంద్యాల డ్రైవర్లందరికీ తెలుసు. అయినా అందరూ ఖాజా పీర్ పనితనమే గొప్పదంటారు. ఆమె ముందర కూడా అంటారు.

ఆ రోజు నేను ఏడు మాడిన బల్బులూ ఒక గుడ్డలో కట్టుకుని పోయాను. తెర ఎత్తి ఆమె చేతికే ఇచ్చాను.

"అక్కా, నన్ను దొంగ అంటాండారు," అని మొదలుపెట్టాను.

"అది తర్వాత. బల్బు చూడనీ," అంది చాంద్‌బీ.

ఒక్కో బల్బునూ వెలుతురుకు పట్టి తిప్పి చూసింది. ముఖానికి అడ్డం పడుతున్న కొంగు నడుముకు దోపుకుంది.

"కుదుపుకు తెగితే లోపల తీగ పుటుక్కున విరుగుతాది, అద్దం తెల్లగానే ఉంటాది. ఇదో చూడు, అన్నిటికీ లోపల నల్లగా పొగచూరింది. తీగ కొసలు కరిగి ఉండలైనాయి. ఇవి విరగలేదప్పా, కరెంటు ఎక్కువై కాలినాయి. యాడ పోతాండాయి? టౌన్లోనా, రోడ్డు మీదనా?"

"రోడ్డు మీదే. సిరివెళ్ల దాటినాక. వేగం పెంచితే."

"బ్యాటరీలో నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పోస్తాండావ్?"

"నాలుగు దినాలకోసారి."

"ముందట?"

"నెలకోసారి."

ఆమె బల్బులు కింద పెట్టి నా మొహం వంక చూసింది. "నెలకు తాగే నీళ్ళు నాలుగు దినాల్లో తాగుతాంటే నీకేమీ అనిపించలే?"

"ఎండలకేమో అనుకుంటి."

"డిసెంబరు నెల్లో ఎండలా?" అంది. కుర్చీలో ఖాజా పీర్ కిసుక్కున నవ్వాడు. నవ్వితే నవ్వాడు, నాకూ నా మీద నాకే నవ్వొచ్చింది.

చాంద్‌బీ తెర పక్కకు నెట్టి, మీటరు పట్టుకుని నడిబజారులోకి వచ్చేసింది. పక్క షాపు వాళ్ళు తొంగి చూశారు. ఆమె వాళ్ళవైపు చూడనే లేదు. బానెట్ ఎత్తించి, మీటరు వైర్లు బ్యాటరీకి తగిలించి, ఇంజను స్టార్ట్ చేసి నెమ్మదిగా రేజ్ చేయమంది. ముల్లు పన్నెండు దాటింది, పద్నాలుగు దాటింది. ఇంకా రేజ్ చేయమంది. పదిహేడు దగ్గర వణుకుతూ నిలబడింది.

"పన్నెండు వోల్టుల బల్బుకు పదిహేడు పోస్తే కాలదా? నువ్వు ఎన్ని కంపెనీలు మార్చినా కాలతాది," అంది. "డైనమో ఉండాదే, ఇంజను ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు తీస్తాది. దానికి అదుపు లేదు. అదుపు చేసేది ఈ కటౌట్ డబ్బా. కేసీ కాలువ తూము కాడ లస్కరు ఉంటాడు చూడు, నీళ్ళు ఎక్కువైతే తలుపు దించుతాడే, అట్ల."

"అయితే లస్కరు చెడిపోయినాడంటావా?"

ఆమె డబ్బా మూత తీసి, లోపలి కాంటాక్టులు చూసి, వేలితో నొక్కి చూసింది. తల అడ్డంగా ఊపింది. "మంచోడే. నిద్ర కూడా పోలేదు. వానికి నీళ్ళు కనపడకుండా ఎవురో కండ్లకు గంత కట్టినారు."

మీటరు వైరు ఒకటి డబ్బా ఎర్త్ స్క్రూకు, ఇంకోటి కారు బాడీకి ఆనించింది. అక్కడ ముల్లు కదలకూడదట. కదిలింది. స్క్రూడ్రైవరుతో ఆ స్క్రూ విప్పి, కింద ఉన్న వైరు కొసను వేలితో పక్కకు నెట్టింది. దాని కింద, డబ్బా కింద, చుట్టూ ఉన్న రేకు మీద, నున్నగా, నల్లగా, రెండు పూతల ఎనామిల్ రంగు.

"కరెంటు పోయే తావు ఇది. బాడీ ఇనుముకు ఈ వైరు గట్టిగా అంటుకోవాల. మధ్యలో రంగు పూస్తే ఎట్ల అంటుకుంటాది? స్క్రూ మరల కాడ ఏదో కొంచెం తగిలీ తగలక పనిచేస్తాండాది. అందుకే కరెంటు ఎంత పెరిగినా డబ్బాకు తెలీదు," అంది చాంద్‌బీ. "ఈ రంగు పూసిన మొనగాడెవడు?"

నేను వంగి ఆ రంగు వైపు చూశాను.

ఆ మొనగాడిని నేనే. ప్రతి దసరాకు మిల్లులో ఆయుధపూజ చేస్తారు. సుబ్బయ్య భార్య ఉమామహేశ్వరమ్మ కారుకు పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, గుమ్మడికాయ కొట్టిస్తుంది. మిగతా పనివాళ్ళంతా తమ తమ యంత్రాలకు బొట్లు పెడతారు. నేను పెట్టను, దూరంగా నిలబడతాను. ఏటేటా ఎగతాళి చేస్తారు, బండికి ఒక బొట్టు పెడితే మీ దేవుడు అలుగుతాడా అని. అందుకని ఏటేటా నా జవాబు ఒకటే. బొట్టు పెట్టను గానీ, ఆ రోజు మిల్లులో నా బండికంటే మెరిసే యంత్రం ఇంకోటి ఉండకూడదు. ఆ ఏడాది పైన కడిగితే చాలదనిపించి బానెట్ లోపలికి కూడా దిగాను. కటౌట్ డబ్బా విప్పి, తుప్పు గీకి, కింది రేకుకు రెండు పూతలు వేసి, ఆరాక మళ్ళీ బిగించాను. ఉమామహేశ్వరమ్మ బానెట్ లోపలికి చూసి, అద్దంలా ఉందని మెచ్చుకుంది కూడా. నాకు ఆ రోజు నేల మీద కాలు నిలవలేదు.

అంతా చాంద్‌బీకి చెప్పేశాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పోనీలే అన్నా, తెలీక చేసినావు. బ్లేడుతో గీకి బిగిస్తా, ఐదు నిమిషాల పని. బల్బులు పోవడం ఆగిపోతాది. ఎవురికీ చెప్పాకు. నెల తిరిగితే మీ సుబ్బయ్యే మర్చిపోతాడు," అంటూ బ్లేడు తీసింది.

ఆ క్షణంలో నాకు ప్రాణం లేచి వచ్చింది. గీకేస్తే సరి, నా తప్పు ఎవరికీ తెలియదు. బ్లేడు రేకుకు ఆనేలోపల ఇంకో సంగతి తట్టి ఆమె చెయ్యి ఆపాను.

"వద్దక్కా. ఇప్పుడు బల్బులు పోవడం ఆగిపోతే ఆయనేమంటాడు? 'చూసినారా, నేను పట్టుకున్నాక దొంగ జడుసుకున్నాడు, బల్బులు నిలబడినాయి' అంటాడు. ఊరంతా అదే అంటాది."

చాంద్‌బీ బ్లేడు కిందికి దించింది. "నిజమే. అయితే అందరి ముందరే గీకాల," అంది. "గీకినాక రంగు ఎవురేసిరని అడుగుతాడు. ఏం చెప్తావ్?"

"నేనేనని చెప్తా."

"కొలువు పోతాదేమో."

"పోతే పోనీ. దొంగ అనే పేరుతో అది ఉండి నేనేం చేసుకోవాల? మీ మీటరు ఒక్క దినం ఇయ్యి అక్కా."

"నా మీటరు మా ఆయన చేతికే ఇయ్యను, నీకిస్తానా?" అంది చాంద్‌బీ. "ఆదివారం బస్సుకు నేనే వస్తా. అయితే ఒకటి. ఖాజా పీర్ కనిపెట్టినాడని ఆడ చెప్పినావంటే దిగిన బస్సే ఎక్కి పోతా."

"చెప్పను," అన్నాను. కుర్చీలో నుంచి ఖాజా పీర్, "చెప్పొద్దప్పా, నాకు ఇంట్లో తిండి పెట్టదు," అన్నాడు.

ఆ సాయంత్రం వేగం పెంచకుండా తోలుకొచ్చాను, ఎనిమిదోది మాడలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక దేవమ్మను వెంటబెట్టుకుని మిల్లుకు పోయాను. ఆవరణ నిండా మనుషులు. సుబ్బయ్య మాట ప్రకారమే ఏర్పాట్లన్నీ చేశాడు. స్టూలు మీద మద్దిలేటి స్వామి పటం, పళ్ళెంలో కర్పూరం బిళ్ళలు. చాంద్‌బీ బురఖా పైకెత్తుకుని, మీటరు సంచీ చంకలో పెట్టుకుని నా కంటే ముందే వచ్చి కారు పక్కన నిలబడి ఉంది.

"ఈయమ్మ ఎవురు?" అన్నాడు సుబ్బయ్య.

"నంద్యాల చాంద్‌బీ. డైనమోల పని ఈమెదే. కర్పూరం తర్వాత సామీ, ముందు మీరు మీ కారెక్కండి. స్టీరింగు ముందర."

"నేనెందుకెక్కాల?"

"నేనెక్కితే నేనేదో మాయ చేసినానంటారు గదా."

జనంలో ఎవరో నవ్వారు. నవ్వు వినబడ్డాక ఆయన ఎక్కక తప్పలేదు. తొమ్మిదేళ్ళలో ఆయన ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. తోలడం రాకపోయినా కాలితో తొక్కడం ఎవరికైనా వస్తుంది. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి ఇంజను స్టార్ట్ చేశాను. చాంద్‌బీ మీటరు తగిలించి, ముల్లు ఆయనకు కనిపించేలా కిటికీ దగ్గర పట్టుకుంది.

"తొక్కండి సామీ," అన్నాను. "పన్నెండు వోల్టుల బల్బులు మీవి. ముల్లు యాడికి పోతాండాదో మీరే అరిచి చెప్పండి."

"పద్నాలుగు," అన్నాడు. కాస్త ఆగి, "పదహారు." తర్వాత గొంతు తగ్గించి, "పదిహేడు," అన్నాడు.

చాంద్‌బీ ఇంజను ఆపించి, స్క్రూ విప్పి, కింద ఉన్న నల్ల రంగును దగ్గరున్న వాళ్ళందరికీ చూపించింది. బ్లేడుతో గీకింది. తెల్లటి ఇనుము బయటపడింది. వైరు బిగించి, మళ్ళీ తొక్కమంది. ఈసారి ముల్లు ఉండాల్సిన చోట, పద్నాలుగు దగ్గర ఆగింది. సుబ్బయ్య ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజను అరిచింది గానీ ముల్లు పైకి పోలేదు. నమ్మలేక మూడుసార్లు తొక్కి చూశాడు. చాంద్‌బీ బల్బులు ఎందుకు కాలాయో రెండు మాటల్లో చెప్పింది. కాలిన ఏడింటినీ పళ్ళెంలో, కర్పూరం పక్కన పోసింది.

ఆవరణంతా గుసగుసలు. సుబ్బయ్య కారు దిగి, తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఆడ రంగు ఎవురు పూసినారు?" అన్నాడు.

దేవమ్మ నా చొక్కా వెనక పట్టుకుని లాగింది. చెప్పొద్దని.

"నేనే సామీ. దసరాకు పూసినా. తుప్పు కనపడొద్దని పూసినా. కరెంటు పోయే తావని నాకు తెలీదు."

సుబ్బయ్య మొహం ఒక్కసారిగా వెలిగింది. పోయిందనుకున్నది తిరిగి చేతికి చిక్కినట్టుంది ఆయనకు.

"అయితే తప్పు నీదే గదరా! ఇన్నాళ్ళూ నన్ను తిప్పలు పెట్టింది నువ్వే గదా! చీకట్లో గుంతలో పడి చచ్చింటే ఎవురు జవాబు? రేపట్నుంచి పనికి రావాకు. పో!"

వెనక దేవమ్మ చెయ్యి నా చొక్కా మీద బిగిసింది. నేను కదల్లేదు.

"పోతా. ఎందుకు తీసేస్తాండారో చెప్పి తీసేయండి."

"ఏందీ ఎందుకనేది?"

"దొంగతనం చేసినాననా? పని తెలీదనా? రెంట్లో ఏదో ఒకటి చెప్పండి. పని తెలీదంటే ఒప్పుకుంటా, నిజమే. తల వంచుకుని పోతా. దొంగ అంటే ఈడ్నే కూర్చుంటా. పోలీసుల్ని పిలిచినా లేయను."

ఆయన జనం వైపు చూశాడు. పళ్ళెంలో ఏడు బల్బులు నల్లబడి కనిపిస్తూనే ఉన్నాయి. చాంద్‌బీ మీటరు సంచీలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"పని తెలీకనే," అని గొణిగాడు.

"మొన్న అన్నది తూకం షెడ్డు దాకా ఇనపడింది సామీ. ఇది ఈడున్నోళ్ళకే ఇనపళ్ళేదు."

అంతే, ఆయనకు తిక్క రేగింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆవరణ అదిరేలా అరిచాడు.

"వీనికి పని తెలీదు! పని తెలీకనే తీసేస్తాండా! వీడు దొంగ కాదు, ఉత్త దద్దమ్మ! చాలునా?"

"చాలు సామీ," అన్నాను.

కారు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. గేటు దగ్గర కాపలా మనిషి దేవమ్మను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె అతన్ని దాటిపోకుండా ఎదురుగా నిలబడి, కొంగును తనే రెండు చేతులా పరిచి, అతని మొహం మీదికొచ్చేలా ఫట్‌మని దులిపింది. తర్వాత చాంద్‌బీతో కలిసి మేం ముగ్గురం బస్టాండు వైపు నడిచాం. నేను తొమ్మిదేళ్ళ కొలువు పోగొట్టుకున్నవాడిలా లేనట, పెండ్లికి పోతున్నవాడిలా ఉన్నానట. దేవమ్మ తిట్టింది.